దండెం మీద పొలొవ్‌త్సియన్ నృత్యాలు

1879, సెయింట్ పీటర్స్‌బర్గ్. ఉచిత సంగీత పాఠశాల కచేరీలో 'ప్రిన్స్ ఇగోర్' ఒపేరాలోని పొలొవ్‌త్సియన్ నృత్యాలు, అంటే పొలొవ్‌త్సీ అనే సంచార తెగవాళ్ల ఆటపాటలు, వినిపిస్తామని ఆ పాఠశాల నడిపే స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ ప్రకటించేశాడు. కోరస్ వాళ్లు సాధన కూడా చేస్తున్నారు. ఆర్కెస్ట్రా ముందు పెట్టడానికి మాత్రం కాగితం లేదు. స్వరాలు కట్టిన అలెగ్జాండర్ బొరోదిన్ గారు వాటిని వాద్యాలకు పంచి రాయలేదు. ఒపేరా మొదలుపెట్టింది 1869లోనే లెండి. పదేళ్లకే తొందరపెడితే ఏం మర్యాద?

పాపం, ఆయనకు తీరికేది? మెడికల్-సర్జికల్ అకాడమీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. కమిటీలు, పరీక్షలు, ఆడవాళ్ల వైద్య తరగతులు, ఇంటినిండా చుట్టాలు, భోజనాల బల్ల మీద పిల్లులు. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, ఏదైనా పొంగిపోతోందేమోనని పక్కనున్న ప్రయోగశాలకు పరిగెత్తేవాడు. జబ్బు చేసి ఇంట్లో పడుంటేనే సంగీతం రాసేది. కాబట్టి స్నేహితులు ఆయనకు ఆరోగ్యం కోరుకోవడం మానేశారు. ఆ అకాడమీ వాళ్లు ఒక్క కమిటీ తగ్గించి ఉంటే ఏ సైన్సు కొంప మునిగేదో!

"రాశారా?" అని రిమ్‌స్కీ అడుగుతాడు. "రాశాను" అంటాడు ఈయన. తీరా చూస్తే ఉత్తరాలు.

చివరికి రిమ్‌స్కీ ఆశ వదులుకుని, తనే సాయం చేస్తానన్నాడు. ఒక సాయంత్రం బొరోదిన్ ఆ స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ రాయాల్సిన కాగితాలు, పట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. దాని మీద చెయ్యి పడ్డ దాఖలాలు తక్కువే. మూడో మనిషి అనతోలీ ల్యాదోవ్. క్లాసులకు రావడం లేదని 1876లో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) వాళ్లు తీసేసిన విద్యార్థి ఇతనే. అదీ రిమ్‌స్కీ క్లాసే. ముగ్గురూ పేజీలు విడగొట్టుకుని కూర్చున్నారు. సిరా అయితే ఆలస్యమని పెన్సిళ్లు పట్టారు.

అసలు గొడవ పెన్సిలుతోనే. దాని గీత సిరాలా కాగితంలో ఇంకదు, పైపైన కూర్చుంటుంది. చొక్కా చెయ్యి రాసుకున్నా చాలు, మసైపోతుంది. ఉత్తరంలో అక్షరం చెరిగితే ఊహించి చదువుకోవచ్చు. స్కోరులో పికొలో నుంచి డబుల్ బేస్ దాకా ఒకదాని కింద ఒకటి ఎన్ని వరసలు! స్వరాన్ని అరమెట్టు దించే ఫ్లాట్ గుర్తు మాసిపోతే నాలుగు హార్న్‌లలో ఒకటి అరమెట్టు పైకి పోతుంది. స్వరం పక్కన చుక్క చెరిగితే దాని నిడివిలో మూడో వంతు ఎగిరిపోతుంది. నకళ్లు తీసేవాడు ఉన్నదున్నట్టు దింపేస్తాడు. కచేరీ రోజు ముఖం చూపించాల్సింది రిమ్‌స్కీ.

అప్పుడు లేచింది బొరోదిన్‌లోని కెమిస్టు. ఆల్డోల్ చర్య అనే రసాయన చర్యను కనిపెట్టినవాళ్లలో ఒకరి బుర్ర అది. ఏం చేశాడంటే, పూర్తయిన ప్రతి పేజీ మీదా జెలటిన్ ద్రవం పట్టించాడు!

జెలటిన్ అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు. చన్నీళ్లలో నానబెట్టి, సన్న సెగ మీద కరిగించాలి. మరిగిస్తే పట్టు తగ్గుతుంది. చిక్కగా పట్టిస్తే ఆరేటప్పుడు కాగితాన్ని లాగి చుట్ట చుట్టేస్తుంది. మరీ నీళ్లగా ఉంటే కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. కుంచె గట్టిగా రుద్దితే కాపాడదలచిన గీతే ముందు పోతుంది. ఆరకుండా దొంతర పెట్టారో, నృత్యాలన్నీ కలిసి ఒకటే అట్ట. ఇన్నేళ్ల రసాయన శాస్త్రం ఆయన సంగీతానికి చేసిన సేవ ఇదీ: పుస్తకాలకు అట్టలు వేసే కుర్రాడి పని.

మరి తడి కాగితాలు త్వరగా ఆరేదెలా? బొరోదిన్ వాటిని రిమ్‌స్కీ చదువుగదిలో తాళ్లు కట్టి, ఉతికిన బట్టల్లా ఆరేశాడు. ఊహించుకోండి. నౌకాదళ బ్యాండ్లన్నిటినీ తనిఖీ చేసే అధికారి రిమ్‌స్కీ, తన గదిలో తను ట్రాంబోన్ల కింద నుంచి తల వంచుకుని నడవాలి. పొలొవ్‌త్సియన్ కన్యల పాట ఒక తాడు మీద, వాళ్ల నాయకుడు ఖాన్ గారి స్తోత్రం ఇంకో తాడు మీద. ఆరిన వరస వేరు, వాయించే వరస వేరు. పేజీ సంఖ్య వేయడం మరిస్తే ముగింపు ముందొచ్చి, మొదలు చివర్న వస్తుంది. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా దీపం కావాలన్నా, "కాస్త ఆగండి, ఓబోలు ఇంకా తడిగా ఉన్నాయి" అనాలి కాబోలు.

మొత్తానికి కాగితాలు నకళ్లకు వెళ్లాయి. ముగింపు కోరస్ మాత్రం మిగిలిపోయింది. దాని వాద్యరచన దాదాపు రిమ్‌స్కీ ఒక్కడే చేసుకున్నాడు. ల్యాదోవ్ రాలేదు.