అపాస్ట్రఫీ నామం

అక్క ఫోన్ చేసి, అబ్బోడు ఇంటర్వ్యూల్లో నోరు తెరవడం లేదు, స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేర్చి రారా అంది. అదీ శనివారం, అందులోనూ తమిళ భక్తులు కొండకు పోటెత్తే పెరటాసి నెల శనివారం. ఆ రోజు తిరుపతిలో బండి బయటికి తీసేవాడికి బుద్ధి లేదని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. బండి ఎక్కడో వదిలేసి, మేనల్లుణ్ణి వెంటేసుకుని, లీలామహల్ సర్కిల్ దాటి అలిపిరి వైపు పోయే దారిలో ఆ సెంటర్ ముందు తేలాను.

కౌంటర్‌లో అమ్మాయి లేచి నిలబడి, "మైసెల్ఫ్ కౌన్సెలర్ సార్. సార్ ఈజ్ కమింగ్ ఆన్ ద వే ఓన్లీ. యువర్ గుడ్ నేమ్ ప్లీజ్?" అంది. ఆ పిల్లనేమీ అనలేం. వాళ్ళిచ్చే జీతానికి ఆ మాత్రం ఇంగ్లీషే ఎక్కువ. నా మంటంతా ఆ కమింగ్ ఆన్ ద వే సార్ మీద. గోడ నిండా ఆయన ఫోటోలే. కోటు, టై, వెనక లండన్ గడియారం. నెల తిరిగేలోపు బ్రిటిష్ యాస గ్యారంటీ అని కింద రాసుంది. ఆ యాసలో ఏం మాట్లాడాలన్నది మాత్రం ఎక్కడా రాయలేదు.

ఫ్యాన్ కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. అద్దం తలుపు మీద ఎర్ర రేడియం స్టిక్కర్‌తో సెంటర్ పేరు, దాని కింద ఇంగ్లీషులో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసెస్ అని ఉంది. ఆ క్లాసెస్‌లో చివరి ఎస్‌కు ముందు, దర్జాగా, అక్షరాల నెత్తిన కామాలా వేలాడే అపాస్ట్రఫీ, బొటనవేలంత!

నాకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు అపాస్ట్రఫీ తప్పు పెడితే తొడపాశం పెట్టేవారు. ఎర్రగా కందిన ఆ మచ్చ కూడా సరిగ్గా ఆ ఆకారంలోనే తేలేది. సొంతదారుణ్ణి చెప్పడానికో, ఎగిరిపోయిన అక్షరం చోటులోనో పెట్టాలి గానీ, ఒకటి కంటే ఎక్కువ కనబడ్డ ప్రతిచోటా పెట్టకూడదని ఆయన మా తొడల మీద రాసి మరీ నేర్పారు. అందుకే హోటల్ బోర్డు మీద ఇడ్లీకీ ఎస్‌కూ మధ్య అది వేలాడుతుంటే నాకు చట్నీ దిగదు. ఇదేదో మన రోగమే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లోనే జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు 2001లో అపాస్ట్రఫీ రక్షణకంటూ ఒక సంఘం పెట్టాడు. దుకాణాలకు మర్యాదగా ఉత్తరాలు రాసి రాసి, 2019లో, 96 ఏళ్ళ వయసులో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయని చెప్పి మూసేశాడు. బ్రిస్టల్ నగరంలో ఇంకొకాయన ఉత్తరాలు కూడా రాసేవాడు కాదు. అర్ధరాత్రి పొడుగాటి కర్రతో వెళ్ళి, దుకాణాల బోర్డుల మీద తప్పుడు అపాస్ట్రఫీలకు స్టిక్కర్ వేసి కప్పేసేవాడు. 2017లో బీబీసీ వాళ్ళు ఆయన పేరు చెప్పకుండా చూపించారు.

ఆయన అర్ధరాత్రి ఎందుకు వెళ్ళేవాడో నాకు ఆ శనివారం పొద్దున అర్థమైంది.

తలుపు మీది ఆ అపాస్ట్రఫీ స్టిక్కర్ తోక అప్పటికే కాస్త లేచి ఉంది. అలా లేచి ఉండకపోతే నేను దాని జోలికి వెళ్ళేవాణ్ణి కాదు. గోరు పెట్టాను, వచ్చేసింది. వేలికి అంటుకుంది. ఇటు విదిలిస్తే పోలేదు, అటు విదిలిస్తే పోలేదు. ఇంతలో నుదుటి మీద చెమట కారింది, తుడుచుకున్నాను. చూస్తే వేలి మీద లేదు. పీడా పోయిందనుకున్నాను.

ఎదురుగా రోడ్డంతా పసుపు బట్టల భక్తులు, గోవింద నామాలు. ఒక పెద్దామె గుంపులోంచి పక్కకు వచ్చి, నా మొహంలోకి తేరిపార చూసి, "ఇదెన్న నామం సామీ?" అని అడిగింది. నేను సెంటర్ పేరు అడుగుతోందనుకుని తలుపు వైపు చూపించాను. అద్దంలో కనబడింది. నా రెండు కనుబొమల మధ్య, ఎర్రగా, తోక ఎడమకు తిప్పుకుని, అపాస్ట్రఫీ.

తిరుపతిలో నుదుటి మీద ఎర్రది ఏదైనా ఉంటే అది నామం మధ్య దిద్దే శ్రీచూర్ణమే. పక్కన తెల్ల గీతలు లేకపోతే చెమటకు చెరిగిపోయినట్టే. అది ఈ ఊరి వ్యాకరణం, దానికి మినహాయింపుల్లేవు. పెద్దామె వెంట ఉన్న ఇద్దరు తాతలు నా నుదుటి మీద చర్చ మొదలుపెట్టారు. మధ్య గీత వంకర తిరిగింది కాబట్టి వడగలై, అంటే వై కాకుండా యూ ఆకారం నామం పెట్టే వైష్ణవుడు అని ఒకాయన. వడగలై వాళ్ళది నిటారుగా ఉంటుంది, ఇతను మనవాడూ కాదు వాళ్ళవాడూ కాదని ఇంకొకాయన. నామం ఆకారం కోసం కోర్టుల దాకా వెళ్ళిన చరిత్ర ఉన్న విషయం, నేను మధ్యలో నోరెత్తగలనా? ఇంతలో గిన్నె పట్టుకుని నామాలు దిద్దే కుర్రాడొకడు ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. బేరం కుదిరిందనుకుని ఎడం చేత్తో నా గడ్డం పట్టుకున్నాడు.

"యూ పెట్టాల్నా, వై పెట్టాల్నా సార్?"

ఆ పొద్దున నేను విన్న తప్పుల్లేని ఇంగ్లీషు ఆ రెండక్షరాలే. నేను తేల్చుకునే లోపల వాడు రెండు వైపులా తెల్లగా దించేశాడు. నా మేనల్లుడు, ఇంటర్వ్యూల్లో నోరు తెరవని ఆ మహానుభావుడు, "పంగనామమే పెట్టించుకో మామా, ఎట్లా ఫీజు కట్టబోతా ఉండాం గదా" అన్నాడు. కుర్రాడికి 20 రూపాయలిచ్చాను. పెద్దామె నాకు దణ్ణం కూడా పెట్టింది.

సరిగ్గా అప్పుడే కోటు సార్ స్కూటీ దిగాడు. తలుపు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తలుపు చూశాడు.

"హూ ఈజ్ రిమూవ్డ్ దిస్?"

తప్పించుకోవచ్చు. కానీ ఆ వాక్యం విన్నాక కాళ్ళు కదల్లేదు. నుదుటిన నామంతో, వచ్చిన పిల్లల తల్లిదండ్రులందరి ముందూ, అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో ఉదాహరణలతో సహా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అది మాకూ తెలుసు సార్. న్యూమరాలజీ ఆయన పెట్టించినాడు. అది పెట్టినాకే మాకు రెండో బ్యాచ్ నిండింది."

నంబర్లు అక్షరాలకుంటాయి గానీ దీనికేం నంబరండీ అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా ఆ న్యూమరాలజీ ఆయనకే ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టాడు. తీసిన చేత్తోనే మళ్ళీ పెట్టించాలట. రాహుకాలం మొదలయ్యే లోపల. శనివారం రాహుకాలం తొమ్మిదికి మొదలు. కౌన్సెలర్ అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది, మేనల్లుడు జిగురు డబ్బా పట్టుకున్నాడు. నుదుటి మీంచి పీకితే సగం తెల్లనామం కూడా దాంతోపాటే వచ్చింది.

కుర్చీ ఎక్కి అతికించబోతుంటే కింద నుంచి, "తోక తూర్పుకు తిప్పండి సార్" అన్నాడు కోటు సార్.

తూర్పు కుడివైపు ఉంది. అపాస్ట్రఫీ తోక ఎడమకే ఉండాలండీ, ఇంగ్లీషులో అదే పద్ధతి అన్నాను.

"ఇంగ్లీషు తర్వాత చూస్తాం సార్, ముందు తొమ్మిదవతా ఉంది."