ఎగుమతి ట్రైనింగులు, ట్రేడ్ ఫెయిర్లు చిన్నవాళ్లకి దండగ అంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

కొన్నాళ్లుగా ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. చేనేత గ్రూపుల్లో, పచ్చళ్లు పొడులు చేసేవాళ్ల గ్రూపుల్లో, మహిళా సంఘాల గ్రూపుల్లో ఎక్కడ చూసినా అదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఎగుమతి లైసెన్స్‌కే వేలకు వేలు పోయాలి, ప్రభుత్వం పెట్టే ట్రైనింగులు ఫొటోల కోసం, ఎగ్జిబిషన్లు కోటీశ్వరులకి, పోనీ అప్పో సప్పో చేసి వెళ్లినా అక్కడికక్కడ ఆర్డర్ రాకపోతే డబ్బు బూడిదలో పోసినట్టే, ఇంగ్లిష్ రానివాళ్లని అక్కడ పలకరించే దిక్కుండదు. కాబట్టి ఇవన్నీ మానేసి మా రెండు రోజుల కోర్సులో చేరండి, వేల మంది విదేశీ బయ్యర్ల లిస్ట్ మీ చేతిలో పెడతాం, ఇంట్లో కూర్చునే ఎగుమతి చేసుకోవచ్చు. కింద ఒక ఫోన్ నంబర్.

చిన్న యూనిట్లకి కాగితం పనుల్లో సాయం చేస్తుంటాను కాబట్టి ఈ మెసేజ్ నమ్మి ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు. చేతిలో ఉన్న కాస్త పెట్టుబడీ అక్కడే పెట్టి, లిస్ట్‌లోని అడ్రసులకి మెయిల్స్ పంపి, ఒక్క జవాబూ రాక "ఎగుమతి మనవల్ల కాదులే" అని మానేసినవాళ్లు. నాకు బాధ కలిగేది అక్కడే, వాళ్ల సరుకులో లోపమేమీ లేదు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"లైసెన్స్‌కే వేలల్లో ఖర్చవుతుంది."

తప్పు. ఎగుమతికి మొదట కావాల్సింది ఐఈసీ, అంటే ఇంపోర్టర్ ఎక్స్‌పోర్టర్ కోడ్. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో మనమే అప్లై చేసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. పాన్, అడ్రస్ ప్రూఫ్, క్యాన్సిల్డ్ చెక్ ఉంటే చాలు, ఆధార్ ఓటీపీతో సంతకం కూడా అయిపోతుంది. జీఎస్టీ వచ్చినప్పటి నుంచి పాన్ నంబరే ఐఈసీ నంబర్. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒకసారి లాగిన్ అయి వివరాలు అప్‌డేట్ చేయాలి, మార్పులేమీ లేకపోయినా సరే "మార్పు లేదు" అని కన్ఫర్మ్ చేయాలి, దానికి ఆ మూడు నెలల్లో ఫీజు లేదు. చేయకపోతే కోడ్ ఆగిపోతుంది. చాలామంది సరిగ్గా కంటైనర్ బయల్దేరే వారంలో ఈ సంగతి తెలిసి టెన్షన్ పడతారు. ఇక జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం, అదే ఎల్‌యూటీ, కూడా జీఎస్టీ పోర్టల్‌లో ఉచితమే, ఏడాదికోసారి వేసుకోవాలి. ఖర్చు వచ్చేది ఆ తర్వాత, మీ సరుకుకి సంబంధించిన ఎగుమతి మండలిలో సభ్యత్వం తీసుకునేటప్పుడు. అదీ మండలిని బట్టి మారుతుంది. 2022లో చిన్న పరిశ్రమలు చూసే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ మొదటిసారి ఎగుమతి చేసేవాళ్ల కోసం ఒక పథకం తెచ్చింది. ఆ సభ్యత్వ ఫీజులో కొంత, బయ్యర్ డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ బీమా ప్రీమియం, సరుకు టెస్టింగ్ ఖర్చు తిరిగి ఇవ్వడమే దాని పని. మెసేజ్ రాసినవాళ్లు దీని ఊసే ఎత్తలేదు.

"ప్రభుత్వ ట్రైనింగులు ఫొటోల కోసమే."

ఇందులో కొంత నిజముంది, దాచను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక మీద పదిమంది ప్రసంగాలు అయ్యేసరికి భోజనాల వేళవుతుంది, అసలు విషయానికి గంట మిగులుతుంది. అలాంటి సెమినార్లు నేనూ చూశాను. కానీ ఆ గంటలో ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. కస్టమ్స్ నుంచి ఒకరు, బ్యాంక్ ఫారెక్స్ డెస్క్ నుంచి ఒకరు, డీజీఎఫ్‌టీ నుంచి ఒకరు, ఈసీజీసీ నుంచి ఒకరు. మామూలు రోజుల్లో వీళ్లని కలవాలంటే నాలుగు ఆఫీసులు తిరగాలి. మీ సరుకు హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్‌లో సరుకుని గుర్తించే నంబర్, రాసుకుని, శాంపిల్ ఒకటి సంచీలో వేసుకుని వెళ్లి, టీ బ్రేక్‌లో పట్టుకుని అడగండి. ఉత్త చేతులతో వెళ్లి వెనక వరుసలో కూర్చుంటే ఏ ట్రైనింగైనా ఒకటే.

పైగా అన్నీ ఒక్కరోజు సెమినార్లు కావు. కొత్తగా దిగేవాళ్లకి చెయ్యి పట్టి నేర్పడానికి డీజీఎఫ్‌టీ 2011లో నిర్యాత్ బంధు మొదలుపెట్టింది, దాని కింద విదేశీ వ్యాపారం నేర్పే కేంద్ర విద్యాసంస్థ ఐఐఎఫ్‌టీ వాళ్లతో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులు కూడా నడిపారు. ఆ ఐఐఎఫ్‌టీ క్యాంపస్ ఇప్పుడు మన కాకినాడలో కూడా ఉంది. హైదరాబాద్ యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ ఉంది, 1960ల నుంచి చిన్న పరిశ్రమలవాళ్లకి శిక్షణ ఇస్తున్న సంస్థ, విదేశాల నుంచి కూడా వచ్చి అక్కడ నేర్చుకుని వెళ్తారు. ప్యాకింగ్ గురించి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ హైదరాబాద్ సెంటర్‌ని అడగండి. ప్యాకింగ్ అంటే మనవాళ్లు అట్టపెట్టె, టేపు అనుకుంటారు, చెక్క ప్యాలెట్ మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర, అంటే కర్రలో పురుగు లేకుండా శుద్ధి చేశారన్న గుర్తు, లేకపోతే అవతలి పోర్టులో సరుకు మొత్తం ఆపేస్తారని ఎవరో ఒకరు ముందే చెప్పాలి కదా. ఇదంతా ఆ రెండు రోజుల కోర్సు ఫీజుతో పోలిస్తే ఎంత తక్కువ ఖర్చో మీరే కనుక్కుని చూసుకోండి.

"ఎగ్జిబిషన్లు కోటీశ్వరులకి."

దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే చిన్నవాళ్లని బాగా భయపెడుతున్నది ఈ మాటే.

మొదటి విషయం, ట్రేడ్ ఫెయిర్ అంటే విమానం ఎక్కాల్సిందే అని ఎవరన్నారు? హస్తకళల ఎగుమతి మండలి, అదే ఈపీసీహెచ్, ఏటా రెండుసార్లు గ్రేటర్ నోయిడాలో ఐహెచ్‌జీఎఫ్ ఢిల్లీ ఫెయిర్ పెడుతుంది. విదేశీ బయ్యర్లే అక్కడికి వస్తారు. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, ఏటికొప్పాక లక్కబొమ్మలో పెంబర్తి ఇత్తడి సామానో తీసుకుని రైలెక్కితే చాలు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఏటా నవంబర్ 14 నుంచి 27 వరకు జరిగే అంతర్జాతీయ వాణిజ్య మేళా ఐఐటీఎఫ్‌లో మొదటి ఐదు రోజులు వ్యాపారులకే కేటాయిస్తారు, మన రెండు రాష్ట్రాల పెవిలియన్లూ అక్కడ ఉంటాయి. ఫుడ్ వాళ్లకి మార్చిలో అదే మైదానంలో ఆహార్ అనే ఫెయిర్ ఉంది. రొయ్యల ఎగుమతిదారులు ఎదురుచూసే ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో 2016లో మన విశాఖలోనే జరిగింది.

రెండోది, విదేశాల్లో జరిగేవి. ఆహారానికి దుబాయ్ గల్‌ఫుడ్, జర్మనీ కొలోన్‌లో ఏడాది విడిచి ఏడాది జరిగే అనుగా, ఇంట్లో వాడే బట్టలకి ఫ్రాంక్‌ఫర్ట్ హైమ్‌టెక్స్‌టిల్ లాంటివి. ఒంటరిగా స్టాల్ తీసుకుంటే నిజంగానే లక్షల్లో అవుతుంది. కానీ చిన్నవాళ్లు ఒంటరిగా ఎందుకు తీసుకోవాలి? వ్యవసాయ, ఆహార ఎగుమతులు చూసే అపెడా, స్పైసెస్ బోర్డు, చేనేత ఎగుమతి మండలి లాంటివి ఇండియా పెవిలియన్ తీసుకుని అందులో సభ్యులకి చిన్న చిన్న స్టాళ్లు ఇస్తాయి, అద్దెలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. 2025 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ 25,060 కోట్లతో ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ మిషన్‌ని ఆమోదించింది, 2030-31 దాకా నడుస్తుంది. దాని కింద సాయం పొందే ఫెయిర్లలో కనీసం 35 శాతం చిన్న, మధ్యతరహా యూనిట్లే ఉండాలని నిబంధన పెట్టారు. అంతకుముందు ఏడాది ఎగుమతి 75 లక్షలు దాటనివాళ్లకి విమాన ఛార్జీలో కూడా కొంత ఇస్తారు. కోటీశ్వరులకే అయితే ఈ నిబంధనలు ఎందుకు?

మరి ఇబ్బంది లేదా అంటే ఉంది. ఈ సాయంలో చాలా భాగం ముందు మనం ఖర్చు పెట్టుకుంటే తర్వాత వెనక్కి వచ్చేది. బిల్లులు, బోర్డింగ్ పాసులు, స్టాల్ ఫొటోలు అన్నీ పెట్టాలి, డబ్బు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. వడ్డీకి తెచ్చి నడిపే యూనిట్‌కి ఇది పెద్ద భారం. చిన్నవాళ్లకి సగమైనా ముందే ఇవ్వాలని సంఘాలన్నీ గట్టిగా అడగాలి. "పథకాలన్నీ దండగ" అని మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే ఆ ఇబ్బంది తీరదు.

నన్నడిగితే మొదటిసారి స్టాల్ వద్దే వద్దు. ఊరికే విజిటర్‌గా వెళ్లండి, మీలాంటి సరుకు ఎవరు ఎలా ప్యాక్ చేశారో, ఏ దేశంవాళ్లు ఎంతకి అమ్ముతున్నారో నడుచుకుంటూ చూడండి. చెప్పుల జత అరిగినా ఫర్వాలేదు.

"అక్కడికక్కడ ఆర్డర్ రాకపోతే డబ్బు పోయినట్టే."

ట్రేడ్ ఫెయిర్ ఎలా నడుస్తుందో చూసినవాళ్లు ఈ మాట అనరు. ఒక లక్కబొమ్మల స్టాల్ దగ్గర నేను చూసింది చెప్తాను. యూరప్ బయ్యర్ ఒకావిడ బొంగరం చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది, రంగుని గోరుతో గీకింది, ఊడలేదు, ముఖం విప్పారింది. తర్వాత వరసగా ప్రశ్నలు. ఒక కార్టన్‌లో ఎన్ని? కార్టన్ కొలత, బరువు ఎంత? విశాఖ పోర్టులో ఎక్కించే దాకా ఒక్కోదానికి రేటు ఎంత? వెయ్యి కావాలంటే ఎన్ని రోజులు? ఈఎన్-71 రిపోర్ట్ ఉందా? మనవాళ్లకి తెలిసింది ఒకటే, షాపులో అమ్మే ధర. సహజ రంగులు, అంకుడు కర్ర, తరాల పనితనం అన్నీ ఉన్నాయి, ఆ ఐదు ప్రశ్నలకి జవాబు లేదు. ఆవిడ విజిటింగ్ కార్డ్ ఇచ్చి పక్క స్టాల్‌కి వెళ్లిపోయింది.

ఈఎన్-71 అంటే యూరప్‌లో బొమ్మల భద్రతకి ప్రమాణం. చిన్న ముక్కలు ఊడి పిల్లల గొంతులో పడతాయా, రంగులోంచి సీసం లాంటి లోహాలు దిగుతాయా అని చూస్తారు. సహజ రంగులు వాడేవాళ్లకి అక్కడ మంచి అవకాశమే ఉంది, కానీ ల్యాబ్ కాగితం చేతిలో ఉండాలి. మిర్చిదీ ఇదే కథ. గుంటూరు తేజ అని పేరు చెప్తే బయ్యర్ గుర్తుపడతాడు, ఆ వెంటనే ఆస్టా కలర్ (రంగు కొలత) ఎంత, ఘాటు ఎన్ని ఎస్‌హెచ్‌యూ (కారం కొలత), అఫ్లటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) ఎంత అని అడుగుతాడు. యూరప్‌కైతే అఫ్లటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు. కల్లంలో సరిగ్గా ఎండని కాయ కలిసిందంటే లాట్ మొత్తం వెనక్కి రావచ్చు. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, ఫెయిర్‌కి వెళ్లేముందు టెస్ట్ చేయించుకుని రిపోర్ట్ పట్టుకెళ్లడం ఎంతసేపు?

కాబట్టి ఫెయిర్‌లో మీకు దొరికేది ఆర్డర్ కాదు, పరిచయం. వచ్చిన వారంలోపే ప్రతి కార్డ్‌కీ మెయిల్ పెట్టి, వాళ్లు చేతిలోకి తీసుకున్న వస్తువు ఫొటో, ప్రైస్ షీట్ పంపాలి. శాంపిల్ అడుగుతారు. అది పంపడానికి 2022 చివర్లో మొదలైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి, పోస్టాఫీసు నుంచే ఎగుమతి బిల్లు ఆన్‌లైన్‌లో వేసి చిన్న పార్సిల్ పంపేయొచ్చు. తర్వాత మార్పులు చెప్తారు, మళ్లీ శాంపిల్, ఆ తర్వాత చిన్న ట్రయల్ ఆర్డర్. కొందరు బయ్యర్లు అదే స్టాల్‌ని రెండో ఏడు కూడా చూశాకే నమ్ముతారు, ఈ ఏడు ఉండి పై ఏడు కనపడనివాళ్లతో వ్యాపారం ఎవరు చేస్తారు చెప్పండి.

"ఇంగ్లిష్ రాకపోతే అంతే."

వచ్చే బయ్యర్లలో ఇటలీవాళ్లు, జపాన్‌వాళ్లు, అరబ్బులు ఉంటారు, వాళ్లదీ మాట్లాడీ మాట్లాడని ఇంగ్లిషే. ఒక పేజీ ప్రైస్ షీట్‌లో ఫొటో, కొలత, రేటు, కనీస ఆర్డర్, గడువు శుభ్రంగా రాసి ఉంటే మాట పెద్దగా అవసరం పడదు. డిగ్రీ చదివే కూతుర్నో, మేనల్లుడినో పక్కన కూర్చోబెట్టుకుని ఫెయిర్ చేసి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

"మా దగ్గర వేల మంది బయ్యర్ల లిస్ట్ ఉంది."

అసలు మెసేజ్ అంతా ఈ ఒక్క మాట అమ్ముకోవడానికే. ఆ లిస్ట్ మీకొక్కరికే ఇవ్వరు, ఫీజు కట్టిన అందరికీ అదే ఫైల్. అందరూ అవే అడ్రసులకి "డియర్ సర్, వీ ఆర్ లీడింగ్ ఎక్స్‌పోర్టర్" అని పంపితే ఎవరు తెరుస్తారు? మీ సరుకు ఏ దేశం ఎంత కొంటోందో తెలుసుకోవాలంటే జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ నడిపే ట్రేడ్ మ్యాప్ ఉంది. రిజిస్టర్ అయి ఎండుమిర్చికి 090421 అనో, బొమ్మలకి 9503 అనో కొట్టి చూడండి, దేశాలవారీగా లెక్క వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో డీజీఎఫ్‌టీ తెచ్చిన ట్రేడ్ కనెక్ట్ పోర్టల్ ద్వారా మన రాయబార కార్యాలయాల వాణిజ్య విభాగాలకి ప్రశ్న పంపొచ్చు.

ఇంకో ప్రమాదం ఉంది. ఇలాంటి లిస్టుల్లోంచి వచ్చే కొందరు "బయ్యర్లు" పెద్ద ఆర్డర్ ఇస్తామంటారు, బేరమే ఆడరు, తర్వాత మీ కంపెనీని మా దేశంలో రిజిస్టర్ చేయడానికి ఫీజు పంపండి అంటారు. సరుకు కొనేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే అక్కడితో ఆపేయండి. అసలు బయ్యరే అయినా సరే, సరుకు ఎక్కించి డబ్బు కోసం ఎదురుచూసే వ్యాపారం కొత్తవాళ్లకి వద్దు. మొదటి ఆర్డర్లకి అడ్వాన్స్ అడగండి, పెద్దదైతే ఎల్‌సీ, అంటే బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, అడగండి, కుదరకపోతే 1957 నుంచి ఎగుమతులకి బీమా ఇస్తున్న ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ దగ్గర ఆ బయ్యర్ గురించి రిపోర్ట్ తెప్పించుకుని, బీమా తీసుకున్నాకే పంపండి.

ఈ కోర్సు వాళ్లకి ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: నేర్పేవాళ్ల సొంత ఐఈసీ ఏది, వాళ్లు ఆఖరుసారి వేసిన షిప్పింగ్ బిల్ (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే కాగితం) ఏ సరుకుది, లిస్ట్‌లో ఉన్న బయ్యర్లలో ఎవరితో వాళ్లు స్వయంగా వ్యాపారం చేశారు. జవాబు రాకపోతే ఫీజు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు.