చెనక్కాయ చేనికి జ్యామితి లెక్క

2000 ఖరీఫ్‌ను అనంతపురం జిల్లా రైతులు అంత తేలిగ్గా మరిచిపోలేరు. ఏపుగా ఎదుగుతున్న వేరుశనగ చేలు ఉన్నట్టుండి మాడిపోయాయి. లేత ఆకుల మీద మచ్చలు, నల్లబడిన కాడ, ఎండిన మొవ్వు, ఆ వెనకే మొక్క చావు. మొదట్లో అది పాత మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. ఆ ఒక్క పంటకాలంలో దెబ్బతిన్న విస్తీర్ణం సుమారు 2.25 లక్షల హెక్టార్లు, నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేనని తర్వాత శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలవారితో కలిసి పరీక్షలు చేసి, ఇది వేరే వైరస్ పని అని తేల్చారు. దాని పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. దానికి ఇల్లు గట్ల మీద, బీళ్లలో, రోడ్ల పక్కన విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్క. ఆ మొక్కలో పెద్దగా జబ్బు లక్షణాలేమీ కనిపించవు, పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి ఎగిరి, తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ ఆకు మీద పడుతుంది. పురుగు ఆకును గీరినచోట ఏర్పడే గాట్లలోంచి వైరస్ లోపలికి పోతుంది.

ఇది తెలిశాకే చేయాల్సిన పని ఏమిటో తెలిసింది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. చేను చుట్టూ అడ్డుగా జొన్నో సజ్జో కొన్ని వరుసలు దట్టంగా వేయాలి. ఈ వైరస్ ఇలా పుప్పొడితో, తామర పురుగుల గాట్ల ద్వారా పాకుతుందని 1987లోనే ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి రాశారు. వాళ్లకు అనంతపురం ఊసే తెలియాల్సిన అవసరం లేదు. వైరస్ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఎలా పోతుందన్న ప్రశ్న వాళ్లను పట్టుకుంది, అంతే. పదమూడేళ్ల తర్వాత ఆ జవాబు మన చేలకు అక్కరకొచ్చింది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, 'రైతుకు పనికొచ్చే పరిశోధనే చేయండి, సిద్ధాంతాలు మనకెందుకు' అనే మాట ఈ సీమలో నానాటికీ గట్టిగా వినిపిస్తోంది. కరువు జిల్లాలో కూర్చుని జ్యామితి మీద, సైద్ధాంతిక భౌతికశాస్త్రం మీద జనం డబ్బు ఖర్చు పెట్టడం తగునా అని అడిగేవాళ్ల ఆవేదన నిజమైనదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా గ్యారంటీ లేని వానను నమ్ముకుని అప్పు తెచ్చి విత్తనం వేసే రైతు ఆ ప్రశ్న వేస్తే తప్పు పట్టలేం. అయితే ఆ ప్రశ్నకు జవాబు కూడా చేలోనే ఉందని మా నమ్మకం.

ఏడు కొత్త వేరుశనగ రకాల్లో ఏది మేలో తేల్చాలనుకుందాం. నేల అంతా ఒకే తీరుగా ఉండదు. ఒక పక్క గరుసు, ఒక పక్క ఇసుక, ఇంకో పక్క కాస్త సారం. ఒకే తీరు నేల ఉన్న పట్టీలు ఏడు దొరికాయి, ఒక్కో పట్టీలో మూడు రకాలే పడతాయి. ఏ రకానికీ అన్యాయం జరగకుండా ఎలా వేయాలి? 1-2-3, 1-4-5, 1-6-7, 2-4-6, 2-5-7, 3-4-7, 3-5-6. ఇలా వేస్తే ప్రతి రకం మూడు పట్టీల్లో వస్తుంది, ఏ రెండు రకాలను తీసుకున్నా సరిగ్గా ఒక్క పట్టీలో పక్కపక్కన నిలబడతాయి. పెన్సిల్ తీసుకుని ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇది వ్యవసాయ శాస్త్రవేత్త కనిపెట్టిన అమరిక కాదు. ఏడు బిందువులు, ఏడు రేఖలు, ప్రతి రేఖ మీద మూడు బిందువులు, ఏ రెండు బిందువుల గుండా అయినా ఒకటే రేఖ ఉండే ఈ జ్యామితిని 1892లో ఇటలీకి చెందిన జీనో ఫానో రాశాడు. ఆయన దృష్టిలో పొలం లేదు, పంట లేదు.

దాన్ని పొలంలోకి దించినవాళ్లలో మన దేశస్థులే ముందున్నారు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, రాజ్ చంద్ర బోస్ అనే జ్యామితి పండితుణ్ని పట్టుకొచ్చి సంఖ్యాశాస్త్రంలో కూర్చోబెట్టారు. ఇలా కొన్ని బిందువులే ఉండే పరిమిత జ్యామితులతో పంట ప్రయోగాల అమరికలను ఎలా నిర్మించాలో బోస్ 1939లో ప్రచురించారు. అదే సంస్థకు 1941లో చేరుకున్న తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావుగా తెలిసిన ఆయన 1920లో పుట్టింది హడగలిలో, అంటే అప్పటి బళ్లారి జిల్లాలో. అనంతపురం జిల్లా కూడా 1882 దాకా ఆ బళ్లారిలో భాగమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన రావు పాతికేళ్ల వయసులో, 1945లో, సంఖ్యాశాస్త్రంలోకి వంపు తిరిగిన తలాల లెక్క అయిన రీమన్ జ్యామితిని తెచ్చిన వ్యాసం రాశారు. ఆ తర్వాత ఆయన రూపొందించిన అమరికలు పొలాల్లోనే కాదు, కార్ల ఫ్యాక్టరీల్లోనూ వాడుకలోకి వచ్చాయి. అనంతపురానికి పొరుగు జిల్లాలో పుట్టిన మనిషి గురించి ఇక్కడి ఎంతమంది డిగ్రీ విద్యార్థులకు తెలుసు? తెలియకపోవడం పిల్లల తప్పు కాదు.

ఇక మట్టి సంగతి. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి ఎండితే చెయ్యి దూరేంత బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బి కాలికి అంటుకుని వదలదు. జిల్లాలోని ఎర్రనేల ఆ పని చేయదు. ఎందుకు? రేగడిలోని బంకమట్టి సన్నటి పొరల పేర్పు. పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనం, అందుకే నీళ్లు, కాల్షియం, పొటాష్ వంటివి ఆ సందుల్లోకి దూరి నిలుస్తాయి. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కెయొలినైట్ అనే బంకమట్టి పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీటికి దారివ్వవు, పోషకాలనూ ఎక్కువ నిలుపుకోలేవు. ఒకే బస్తా ఎరువు రెండు నేలల్లో రెండు రకాలుగా పనిచేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ పొరల సంగతి మనిషికి తెలిసిన దారి చూడండి. స్ఫటికాల్లో అణువులు ఎన్ని రకాల సౌష్ఠవాలతో పేరుకోగలవో రష్యాలో ఫెదరోవ్, జర్మనీలో షోన్‌ఫ్లీస్ 1891లో ఎవరికి వారుగా లెక్కగట్టారు. జవాబు 230. అప్పటికి అణువు ఉందా లేదా అన్నదే భౌతికశాస్త్రంలో తెగని వాదం. 1912లో లావే బృందం స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలు పంపితే ఫొటో పలక మీద మచ్చలు పడ్డాయి, తండ్రీకొడుకులు బ్రాగ్‌లు ఆ మచ్చల్ని చదివే పద్ధతి చెప్పారు. మట్టిలోని అతిసన్నటి రేణువుల్లో కూడా స్ఫటికాలే ఉన్నాయని 1930లో అమెరికాలో హెండ్రిక్స్, ఫ్రై ఎక్స్ కిరణాలతో చూపించారు. భూసార రసాయనశాస్త్రం ఆ తర్వాత మరో దారి పట్టింది. జ్యామితి, భౌతికం, రసాయనం అని మనం డిపార్ట్‌మెంట్లకు బోర్డులు వేర్వేరుగా రాసుకున్నాం గానీ రేగడి మట్టికి ఆ బోర్డులు తెలియవు.

వేరుశనగకు జిప్సం వేయమని అధికారులు చెబుతారు. ఎకరాకు 200 కిలోలు, ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే సమయానికి, మొక్క మొదళ్ల దగ్గర. విత్తేటప్పుడే దుక్కిలో వేస్తే సరిపోదా అని చాలామంది రైతుల అనుమానం. విషయమేమిటంటే కాల్షియం మొక్కలో నీటితోపాటు పైకి, ఆకుల వైపు పోతుంది. ఆకుకు చేరింది తిరిగి కిందికి దిగి కాయకు రాదు. భూమిలో పెరిగే కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని తన చుట్టూ ఉన్న మట్టి నుంచి తానే నేరుగా పీల్చుకోవాలి. అందుకే జిప్సం ఊడ దిగేచోట, ఊడ దిగే వేళకు ఉండాలి. అది అందకపోతే పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే లొట్ట కాయలు. ఈ కారణం ఒక్కసారి అర్థమైన రైతుకు మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. కారణం చెప్పకుండా మోతాదు మాత్రమే చెప్పడం మన విస్తరణ విభాగానికి పట్టిన పాత జబ్బు.

ఆ జబ్బు ఖరీదు ఏమిటో కర్నూలు జిల్లా పత్తి రైతులకు బాగా తెలుసు. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి 2002లో వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం ఇచ్చి చేను చుట్టూ వేయమన్నారు. ఎందుకో వివరించినవాళ్లు తక్కువ, ఆ చిన్న ప్యాకెట్‌ను పక్కన పడేసినవాళ్లు ఎక్కువ. మందు తట్టుకునే పురుగులు కొన్ని మిగిలినప్పుడు వాటికి జతగా మామూలు పురుగులు దొరకాలి, అప్పుడే పుట్టే సంతానం బీటీకి లొంగుతుంది. మామూలు పురుగులు బతికేందుకే ఆ వరుసలు. అవి లేని చేలల్లో గులాబి రంగు పురుగు కొన్నేళ్లలో బీటీని జయించింది. అది జనాభా జన్యుశాస్త్రంలోని సమీకరణాలు ముందే చెప్పిన విషయం.

పురుగుల లెక్కలోనూ సైద్ధాంతిక భౌతికశాస్త్రానికి వాటా ఉంది. రోమ్‌లో గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడు వీటో వోల్తెర్రాను ఆయన అల్లుడు, జీవశాస్త్రవేత్త దాంకోనా ఒక ప్రశ్న అడిగాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట తగ్గితే, ఇతర చేపల్ని తినే చేపల పాలు పెరిగింది, ఎందుకని? వాయువులో అణువులు ఒకదాన్నొకటి ఢీకొనే లెక్కను వోల్తెర్రా వేటాడే జీవికీ వేటకూ అన్వయించి 1926లో జవాబు రాశాడు. దాన్నుంచి తేలిన సంగతి ప్రతి పురుగుమందుల అంగడి గోడ మీద రాయదగ్గది: మిత్రపురుగునూ శత్రుపురుగునూ సమానంగా చంపే మందు కొడితే, చివరికి సగటున పెరిగేది శత్రుపురుగే. కాలిఫోర్నియా నారింజ తోటల్ని పీడించిన పొలుసు పురుగును 1888-89లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అక్షింతల పురుగులు అదుపు చేశాయి. 1940లలో డీడీటీ వచ్చి ఆ అక్షింతల పురుగుల్ని చంపగానే పాత పీడ తిరగబెట్టింది. ఈ రోజు మిరప తోటలో తామర పురుగుకు భయపడి, టెన్షన్‌లో మూడు నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొడుతున్న రైతుకు ఈ లెక్క చెప్పేవాళ్లు ఎవరు?

చెప్పగలిగేవాళ్లు ఉండాల్సిన చోటు మన విశ్వవిద్యాలయాలు. అనంతపురం నగరం చుట్టూ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఇన్ని సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న కరువు ప్రాంతం దేశంలో అరుదు. కానీ దేశం మొత్తం మీద పరిశోధనకు పెడుతున్నది జీడీపీలో 0.64 శాతం, చైనా పెడుతున్నది 2 శాతం పైన. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు 2023లో ప్రకటనలిచ్చారు, అవి కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. డిగ్రీలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం తెచ్చి, గణితం, భౌతికం, రసాయనం సమానంగా కలిపి చదివే పాత పద్ధతిని తీసేశారు. తర్వాత ఎన్ని సవరణలు చేసినా ఆ మూడింటినీ విడదీయడం ఈ ప్రాంతానికి చేసిన నష్టమని మా స్థిర అభిప్రాయం.

సిద్ధాంతం వైపున్నవాళ్లకూ ఒక మాట చెప్పాలి. పదోన్నతి పాయింట్ల కోసం రాసి, ఎవరూ చదవని పత్రికల్లో అచ్చేయించుకునే వ్యాసాలు సిద్ధాంతమూ కాదు, సేవా కాదు. ఫానో పనిని మేం సమర్థిస్తున్నాం, ఆ పేరుతో జరిగే కాలక్షేపాన్ని కాదు.

ప్రభుత్వాన్ని మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. భూసార ఆరోగ్య కార్డుల పథకంలో వర్షాధార భూములకు 10 హెక్టార్లకు ఒక మట్టి నమూనా అన్నారు. అంటే సుమారు 25 ఎకరాలకు ఒకటి. ఐదెకరాల రైతు చేతిలోని కార్డులో ఉన్నది పక్కవాడి చేని ఫలితం కావచ్చు. కొన్ని నమూనాల నుంచి మధ్యలో ఉన్న నేల గుణాన్ని లెక్కగట్టే గణితం దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 1951లో క్రీగ్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఉంది. ఇప్పటిదాకా పోగైన జిల్లా నమూనాల ఫలితాలను, రైతుల పేర్లు తీసేసి, విశ్వవిద్యాలయాల గణిత, భూగర్భ విభాగాలకు ఇస్తే ప్రతి గ్రామానికీ మెరుగైన మట్టి పటం గీయవచ్చు.

అలాగే దీపపు ఎరల్లో, లింగాకర్షక బుట్టల్లో పడిన పురుగుల లెక్కలు. తొలకరి గట్టి వాన పడిన కొద్ది రోజుల్లోనే ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులు నేలలోంచి లేస్తాయి. ఆ నాలుగు రాత్రులూ ఊరంతా కలిసి మంటలు, దీపాలు పెడితే సగం పీడ పోతుంది. ఒక్కడు పెడితే లాభం లేదు, పక్క చేలో పుట్టిన గొంగళ్లు గుంపులుగా ఇటే నడిచొస్తాయి. ఏ మండలంలో ఏ వానకు ఏ రాత్రి లేస్తాయో ముందే చెప్పాలంటే ఏళ్ల తరబడి రాసిన ఎరల లెక్క, వాన లెక్క, వాటిని కలిపి చూడగల గణిత విద్యార్థి కావాలి. ఎరల లెక్కలన్నీ ప్రతి వారం అందరికీ కనిపించేలా పెట్టాలి. పరిశోధన కేంద్రం నుంచి ఒకరు, విశ్వవిద్యాలయం నుంచి ఒకరు ఉమ్మడిగా మార్గదర్శకులుగా ఉండే పీహెచ్‌డీలకు ఫెలోషిప్పులు ప్రత్యేకంగా కేటాయించాలి. గణితం, భౌతికశాస్త్రం పోస్టుల భర్తీకి ఉన్న చిక్కులు ఈ విద్యా సంవత్సరంలోనే తేల్చాలి. వచ్చే ఖరీఫ్‌లో జిప్సం రైతు సేవా కేంద్రాలకు ఊడలు దిగకముందే చేరాలి, బస్తాతోపాటు అది ఎప్పుడు, ఎందుకు వేయాలో నాలుగు వాక్యాల తెలుగు కరపత్రం కూడా ఇవ్వాలి.