అప్పు పత్రం ఎవరి చేతిరాత?

1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ హైతీ తీరానికి యుద్ధనౌకలు పంపాడు. ఒకప్పుడు ఫ్రాన్స్ వలసగా ఉండి, బానిస సంకెళ్లు తెంచుకుని 1804లోనే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న దేశమది. ఆ స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నాడు. తోటలు, బానిసలు చేజారిన యజమానులకు నష్టపరిహారమట! కొరడా దెబ్బలు తిన్నవాళ్లే తమ విముక్తికి వెల చెల్లించాలన్నమాట. మొదటి వాయిదా 3 కోట్లకు చేతిలో డబ్బు లేక హైతీ పారిస్ బ్యాంకర్ల దగ్గరే అప్పు చేసింది. పత్రంలో రాసింది 3 కోట్లు. 60 లక్షలు ముందే మినహాయించుకుని ఇచ్చింది 2.4 కోట్లు. పరిహారాన్ని 1838లో 9 కోట్లకు తగ్గించినా, దాని కోసం చేసిన అప్పుల భారం 1947 దాకా దిగలేదు.

పేద దేశాల అప్పు అనగానే దుబారా, అవినీతి గుర్తుచేస్తారు. అవి లేవని నేననను. కానీ అప్పు డాలర్లలో ఉన్నప్పుడు వడ్డీ పగ్గాలు వాషింగ్టన్‌లో ఉంటాయి. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 1979 తర్వాత వడ్డీ రేట్లను 20 శాతం దరిదాపులకు తీసుకెళ్లింది. మారే వడ్డీకి అప్పు తీసుకున్న లాటిన్ అమెరికా దేశాల నడ్డి విరిగింది. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనంది. ఆదుకోవడానికి వచ్చిన ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ప్రభుత్వ ఖర్చులు తగ్గించుకోవాలనే పొదుపు షరతులు పెట్టింది. ఆ సంస్థలో కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. దానికి ఇష్టం లేని మార్పు జరగదు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది 1953 లండన్ ఒప్పందం. యుద్ధంతో ఐరోపాను బూడిద చేసిన దేశానికి వారసురాలైన పశ్చిమ జర్మనీకి, సుమారు సగం అప్పు మాఫీ చేశారు. మిగతాది ఎగుమతుల రాబడితో తీర్చగలిగేలా వాయిదాలు సాగదీశారు. నాజీల ఆక్రమణలో నలిగిన గ్రీసు కూడా సంతకం పెట్టిన రుణదాతల్లో ఉంది. జర్మనీ కోలుకోవడం పశ్చిమ దేశాలకు అవసరం కాబట్టి దారి దొరికింది.

2020 నవంబరులో ఆఫ్రికా దేశం జాంబియా తన బాండ్ల (మదుపరులకు అమ్మిన అప్పు పత్రాల) వడ్డీ కట్టలేకపోయింది. కొత్త బాండ్ల ఒప్పందం ముగిసేసరికి 2024 జూన్ వచ్చింది. అందులో ఒక నిబంధన ఉంది: దేశ ఆర్థిక పరిస్థితి అనుకున్నదానికన్నా మెరుగుపడితే, రుణదాతలకు మరింత ఎక్కువ, మరింత త్వరగా చెల్లించాలి.