టెరిడోఫైటా పాఠాన్ని ఇప్పటికైనా తిరగరాయండి

ఇంటర్ వృక్షశాస్త్రం చదివే ఏ విద్యార్థిని అడిగినా టెరిడోఫైటాలో (ఫెర్న్‌ల వంటి విత్తనాలు లేని, నాళాలున్న మొక్కల్లో) తరగతులు నాలుగని తడుముకోకుండా చెబుతారు: సైలాప్సిడా, లైకాప్సిడా, స్ఫీనాప్సిడా, టెరాప్సిడా. నీట్‌లో మార్కు రావాలంటే అలాగే చెప్పాలి. కానీ డీఎన్ఏ పోలికల ముందు ఆ విభజన నిలబడలేదని తేలి ఇరవై ఏళ్లు దాటింది. పాఠం మాత్రం కదలలేదు. పేర్లే కదా, ఏముందిలే అనే ఉపాధ్యాయులున్నారు. నేను ఒప్పుకోను. పేరు తప్పయితే దాని వెనకున్న కథ మొత్తం తప్పవుతుంది.

సైలాప్సిడాలో చేర్చే సైలోటమ్ అనే మొక్క సంగతే తీసుకోండి. దానికి వేర్లు లేవు, చెప్పుకోదగ్గ ఆకులు లేవు, కాండం రెండేసిగా చీలుతూ పోతుంది. స్కాట్లాండ్‌లో దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి రైనియా శిలాజం కూడా ఇలాగే ఉంటుంది. అందుకని తొలి నేల మొక్కల వంశంలో మిగిలింది ఇదేనని తరాల తరబడి చెప్పుకొచ్చారు. చూపుకు అది నిజమే అనిపిస్తుంది.

డీఎన్ఏ ఏం చెప్పిందో చూడండి. కిరణజన్య సంయోగక్రియ జరిగే హరితరేణువులో ఆర్‌బీసీఎల్ అనే జన్యువు ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో ఎంజైములోని పెద్ద భాగం దీని వల్లే తయారవుతుంది. పొడవు దాదాపు 1,400 డీఎన్ఏ అక్షరాలు (బేస్‌లు). పచ్చని మొక్కలన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి ఏ రెండు మొక్కలనైనా దీనితో పోల్చవచ్చు. అయితే ఎన్ని అక్షరాలు కలిశాయో లెక్కపెట్టి ఊరుకుంటే చుట్టరికం తేలదు. కొత్తగా వచ్చిన మార్పుల్లో దేన్ని ఏయే మొక్కలు పంచుకున్నాయో పట్టుకోవాలి. 1994లో జపాన్ శాస్త్రవేత్త మిత్సుయాసు హసెబె బృందం ఈ ఒక్క జన్యువుతోనే ఫెర్న్‌ల వంశవృక్షాన్ని గీసింది.

అంతకుముందే, 1992లో, లిండా రాబెసన్, రాబర్ట్ జాన్సెన్ నాకు మరీ ఇష్టమైన సాక్ష్యాన్ని బయటపెట్టారు. హరితరేణువు డీఎన్ఏలో దాదాపు 30,000 అక్షరాల ముక్క ఒకటి ఫెర్న్‌లలో, స్ఫీనాప్సిడాకు చెందిన ఈక్విసీటమ్‌లో, సైలోటమ్‌లో, విత్తన మొక్కల్లో తిరగబడి ఉంది. లైకాప్సిడాకు చెందిన లైకోపోడియం వర్గంలో మాత్రం తడి గోడల మీద పెరిగే మాస్ మొక్కల్లో కనిపించే పాత క్రమమే మిగిలింది. అంటే ఫెర్న్‌కు లైకోపోడియం కన్నా మామిడి చెట్టే దగ్గరి చుట్టం! ఇంత గొప్ప విషయాన్ని పిల్లలకు చెప్పకుండా ఎలా ఉండగలుగుతున్నాం?

2001లో కేథ్లీన్ ప్రయర్ బృందం నాలుగు జన్యువులనూ బాహ్య లక్షణాలనూ కలిపి చూసింది. ఈక్విసీటమ్, సైలోటమ్ రెండూ ఫెర్న్‌ల గుంపులోనే పడ్డాయి. సైలోటమ్‌కు అత్యంత దగ్గరిది ఒఫియోగ్లాసమ్ అనే ఫెర్న్ అని తేలింది. కాబట్టి సైలోటమ్‌కు వేర్లు మొదటి నుంచీ లేకపోవడం కాదు, ఉన్నవి పోయాయి. ఆకులు కుంచించుకుపోయాయి. తెలిశాక చూస్తే ఆనవాళ్లు ముందే ఉన్నాయి. రెండింటి సంయోగబీజదాలూ (బీజకణాలను తయారుచేసే చిన్న మొక్క దశ) మట్టిలో దాగి, పత్రహరితం లేకుండా, శిలీంధ్రాల మీద ఆధారపడి బతుకుతాయి. ఒఫియోగ్లాసమ్ వేర్లకు మూలకేశాలు (వేరు మీది సన్నని నూగు) కూడా ఉండవు.

డీఎన్ఏ చెప్పిందల్లా వేదమా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఫెర్న్‌లలో హరితరేణువులు సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తాయి, అందువల్ల సంకర జాతి విషయంలో ఆర్‌బీసీఎల్ సగం కథే చెబుతుంది. ఇక నియోక్రోమ్ జన్యువు ఉంది. మసక వెలుతురులోనూ కాంతిని పసిగట్టేందుకు ఫెర్న్‌లకు తోడ్పడే ఈ జన్యువు హార్న్‌వర్ట్‌లనే చిన్న నేల మొక్కల నుంచి వాటిలోకి వచ్చిందని 2014లో చూపించారు. దాన్ని మాత్రమే నమ్మి వంశవృక్షం గీస్తే ఫెర్న్‌లు హార్న్‌వర్ట్‌ల మధ్యలో వచ్చి కూర్చుంటాయి. అందుకే అనేక జన్యువులు చూస్తారు, శిలాజాలు చూస్తారు, హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన నమూనాలు చూస్తారు. మొక్కను గుర్తుపట్టగల మనిషి లేకపోతే డీఎన్ఏ దేనిదో ఎవరు చెబుతారు? ఈ జాగ్రత్తలన్నీ కూడా పాఠంలోకి రావాలనే నా వాదన.

మారిస్తే పిల్లలకు భారం పెరుగుతుందన్న సాకు అసలు చెల్లదు. 2016లో ప్రపంచవ్యాప్తంగా ఫెర్న్ నిపుణులు కలిసి రూపొందించిన వర్గీకరణలో సుమారు 12,000 జాతులున్నా తరగతులు రెండే: లైకోపోడియాప్సిడా, పాలీపోడియాప్సిడా. నాలుగు బదులు రెండు నేర్చుకోవాలి, అంతే.

ప్రయోగశాలకు డబ్బు లేదంటే మన వరి మళ్లకు వెళ్లండి. నీటి మీద తేలే అజొల్లా, నాలుగు రేకుల ఆకుతో మార్సీలియా అక్కడ దొరుకుతాయి. చూస్తే ఒకదానికొకటి ఏ పోలికా లేదు. అయినా డీఎన్ఏ రెండింటినీ వర్గీకరణలో ఒకే క్రమం (ఆర్డర్) కింద పెట్టింది, రెండింటిలోనూ సిద్ధబీజాలు (స్పోర్‌లు) రెండు పరిమాణాల్లో ఉంటాయి. జెన్‌బ్యాంక్ అనే జన్యు వరుసల ఆన్‌లైన్ భాండాగారంలో వీటి ఆర్‌బీసీఎల్ వరుసలు ఉచితంగా దొరుకుతాయి. పక్కన టెరిస్ అనే ఫెర్న్‌దీ లైకోపోడియందీ పెట్టి, ఒక్క పీరియడ్‌లో కంప్యూటర్ మీద పిల్లల చేతే పోల్పించండి. ఆ తర్వాత నాలుగు తరగతులు బట్టీ పట్టమని వాళ్లకు చెప్పగలరేమో చూడండి.