ఈపర్బ్ ఒక్కటీ ఉంటే సరిపోతుందా?

ఓడ మునిగిందన్న కబురు ఒడ్డుకు చేరడం వేరు, నీళ్లలో ఉన్న మనిషి కంటపడటం వేరు. రెండూ ఈపర్బ్ (ప్రమాదంలో ఉపగ్రహానికి కబురు పంపే అత్యవసర రేడియో పరికరం) అనే ఒకే డబ్బా చూసుకుంటుందని చాలామంది ధీమా.

మొదటి పనిలో ఈపర్బ్‌కు తిరుగులేదు. ఆటోమేటిక్ రకమైతే, ఓడ మునుగుతుంటే 4 మీటర్ల లోతులోపే నీటి ఒత్తిడికి తెరుచుకునే హైడ్రోస్టాటిక్ రిలీజ్ దాన్ని వదిలేస్తుంది, అది పైకి తేలి కనీసం 48 గంటలపాటు 406 మెగాహెర్ట్జ్ మీద, ప్రమాద సంకేతాలు వినే కోస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలను పిలుస్తూనే ఉంటుంది. కానీ వెతికే ఓడ అక్కడికి వచ్చేసరికి లైఫ్ రాఫ్ట్ (ప్రాణాలు కాపాడే తెప్ప) గాలికి ఎటో కొట్టుకుపోయి ఉంటుంది, ఈపర్బ్‌ను దానికి కట్టుకోకపోతే రెండూ చెరో దారి.

అక్కడ కావాల్సింది సార్ట్, అంటే వెతికే ఓడకు రాఫ్ట్ ఎక్కడుందో చూపించే పరికరం. రాడార్ సార్ట్ తనంతట తాను అరవదు, దగ్గరికొచ్చిన ఓడ రాడార్ తాకితేనే బదులిస్తుంది. స్క్రీన్ మీద వరసగా 12 చుక్కలు పడతాయి, దగ్గరయ్యేకొద్దీ అవి వంపు గీతలై, మైలు దూరంలోకి వచ్చేసరికి వలయాలైపోతాయి. చూడముచ్చటైన ఏర్పాటే, కాకపోతే చిన్న తరంగాల ఎక్స్-బ్యాండ్ రాడార్‌కే పలుకుతుంది, వానలో పెద్ద తరంగాల ఎస్-బ్యాండ్ రాడార్ పెట్టుకుని వచ్చేవాళ్లకు ఏమీ కనబడదు. పైగా దాన్ని మీటరు ఎత్తులోనైనా నిలబెట్టాలి, రాఫ్ట్ అడుగున పడేస్తే సిగ్నల్ ఎంతో దూరం పోదు.

నన్నడిగితే ఏఐఎస్ (ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో ఒకదానికొకటి చెప్పుకునే వ్యవస్థ) మీద పనిచేసే ఏఐఎస్ సార్ట్‌కే నా ఓటు. 2010 నుంచి రాడార్ సార్ట్ బదులు దీన్ని పెట్టుకోవచ్చు. చుక్కలు పోల్చుకునే టెన్షన్ లేదు, జీపీఎస్ చెప్పిన చోటు నేరుగా ఓడ తెర మీద గుర్తుగా పడుతుంది. జీపీఎస్ అందకపోతే మాత్రం చోటు చెప్పలేదు, అదొక్కటే దీని బలహీనత. 2022 జూలై నుంచి ఓడల్లో కొత్తగా బిగించే ఈపర్బ్‌లలోనే ఏఐఎస్ తప్పనిసరి చేశారు, ఇది ఎప్పుడో చేయాల్సిన పని.

జేబులో పెట్టుకునే పీఎల్‌బీ (మనిషి వెంట ఉండే చిన్న అత్యవసర బీకన్) మంచిదే, కానీ చేత్తో ఆన్ చేయాలి, స్పృహ తప్పితే ఎవరు నొక్కుతారు? ఇక 121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేసే పాత డబ్బాల మాట ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడమే మానేశాయి.

ఏది కొన్నా రిజిస్ట్రేషన్ మర్చిపోకండి. సెకండ్ హ్యాండ్ బోటు కొని ఈపర్బ్ వివరాలు మార్చకపోతే, రెస్క్యూ సెంటర్ వాళ్లు ముందు పాత యజమానికి ఫోన్ చేస్తారు, ఆయనేమో ఇంట్లో కూర్చుని ‘ఆ బోటు ఎప్పుడో అమ్మేశానండీ’ అంటాడు.