సంతకం తీసేస్తారా? హవ్వ!

ఈథీరియం బ్లాక్‌చైన్ నోడ్ కోడ్‌ను, అంటే లావాదేవీలను తనిఖీ చేసే ప్రోగ్రామ్‌ను, సరళం చేస్తామంటూ కొందరు బయల్దేరారు. లావాదేవీకి రహస్య కీతో డిజిటల్ సంతకం పెట్టే ఫంక్షన్లు ఐదున్నాయట, ఒక్కటి చాలట. ఎంత మాట! ఐదు వేళ్లూ ఒక్కలా లేవని నాలుగు కోసుకుంటామా?

వాటి వంశవృక్షం చూడండి. ఒకటి బయటి ప్రోగ్రాముల ఆదేశాలు అందుకునే ఆర్‌పీసీలో, ఒకటి వాలెట్ మాడ్యూల్‌లో, ఒకటి 'యుటిల్స్' అనే అటక మీద, ఒకటి టెస్ట్ హెల్పర్‌లో. ఐదోదాన్ని ఎవరు పిలుస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ గౌరవంగా చూస్తారు. అన్నీ చేసేది ఒకే పని: లావాదేవీకి వేలిముద్ర లాంటి 32 బైట్ల హ్యాష్ తీసుకుని, సెక్‌పి256కె1 అనే గణిత వక్రరేఖకు చెందిన కీతో 65 బైట్ల సంతకం ఇవ్వడం. సంతకంలోని ఆర్ అనే సంఖ్యకు 32, ఎస్ అనే సంఖ్యకు 32, చివర సంతకం ఎవరిదో వెలికితీయడానికి సాయపడే 'వి' అనే ఒక్క బైట్. ప్రతిభంతా ఆ ఒక్క బైట్ దగ్గరే. ఒకటి 0 లేదా 1 ఇస్తుంది. ఇంకొకటి 27, 28. మూడోది ఈఐపీ-155 అనే ఈథీరియం నియమం చదువుకుంది, చైన్ ఐడీని (ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో నంబరు) రెట్టింపు చేసి 35 గానీ 36 గానీ కలుపుతుంది. చైన్ ఐడీ 1 ఉన్న ఈథీరియం అసలు నెట్‌వర్క్‌లో, అంటే మెయిన్‌నెట్‌లో, అది 37 లేదా 38, ఇబ్బంది లేదు. చైన్ ఐడీ 110 అయిందా, 256 తగులుతుంది. దాన్ని 255కి మించి పట్టని ఒక్క బైట్‌లోకి కుక్కితే సున్నా అయి కూర్చుంటుంది. చైన్ ఐడీ 5 పెట్టి టెస్ట్ చేసినవాళ్లకు ఈ భాగ్యం దక్కదు.

అసలు కళ హ్యాషింగ్‌లో ఉంది. ఒక ఫంక్షన్ లోపలే కెకాక్-256 అనే హ్యాష్ లెక్క చేస్తుంది, ఇంకొకటి చేసి తెమ్మంటుంది. పేర్లు మాత్రం కవలపిల్లల్లా ఉంటాయి. తికమకపడి హ్యాష్‌కే మళ్లీ హ్యాష్ చేస్తే ఎర్రర్ వస్తుందనుకుంటున్నారా? రాదు. ఈథీరియం లావాదేవీలో పంపినవారి అడ్రస్ ఉండదు, సంతకంలోంచే దాన్ని వెలికితీస్తారు. తప్పు హ్యాష్ మీద పెట్టిన సంతకంలోంచి కూడా ఏదో ఒక అడ్రస్ పుట్టుకొస్తుంది. దానికి కీ ఎవరి దగ్గరా లేదు, అందులో చిల్లిగవ్వా లేదు. నోడ్ మర్యాదగా 'నిధులు చాలవు' అంటుంది. ఆపరేటర్ అసలు ఖాతాలో ఇంకాస్త వేస్తాడు. మళ్లీ అదే మాట. మనిషిలో ఇంత దాతృత్వం నింపే కోడ్‌ను తీసేస్తారా?

వాళ్ల పద్ధతి కూడా వినండి, ఎంత నీరసమో. ముందు ప్రతి ఫంక్షన్‌నూ ఎవరు పిలుస్తున్నారో వెతుకుతారట. నోడ్ పని తనిఖీ చేయడం, కీలు దాచుకోవడం కాదట. అన్‌లాక్ చేసిన ఖాతాతో, ఆర్‌పీసీ వినే 8545 పోర్టు బయటికి తెరిచి ఉంచడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమేనట. అందుకని సంతకాన్ని క్లెఫ్ అనే సంతకాల ప్రోగ్రామ్ లాంటి విడి ప్రాసెస్‌కు అప్పగిస్తారట. సంతకానికి కావలసిన 'కె' అనే రహస్య సంఖ్యను కీ, హ్యాష్‌ల నుంచే పుట్టించే ఆర్‌ఎఫ్‌సి 6979 ప్రమాణం పాటిస్తే అదే కీ, అదే హ్యాష్‌కు ఎప్పుడూ అదే సంతకం వస్తుంది కాబట్టి, వెయ్యి హ్యాష్‌ల మీద పాతదీ కొత్తదీ నడిపి బైట్ బైట్ పోలుస్తారట. 'వి' ఒక్కటే తేడా వస్తే మార్పిడి చూస్తారు. ఆర్, ఎస్ కూడా మారితే పాతది హ్యాష్‌నే మళ్లీ హ్యాష్ చేస్తోందనో, 'కె'ను ఎక్కడో సొంతంగా పుట్టిస్తోందనో అర్థం. ఆ 'కె' రెండుసార్లు ఒకటే వస్తే కీ లెక్కగట్టేయొచ్చు. ప్లేస్టేషన్ 3 గుట్టు 2010లో అలాగే రట్టయింది. ఇంత తెలిశాక కూడా ఒక్కో కమిట్‌కు (కోడ్‌లో నమోదుచేసే ఒక్కో మార్పుకు) ఒక్క ఫంక్షన్ చొప్పునే తీస్తారట, పిరికివాళ్లు.

వీరులు వేరే ఉన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, సంతకంతోపాటు తనిఖీ కోడ్‌నూ ఊడ్చేస్తారు. '27, 28 పాతకాలపువి' అని కొట్టేస్తారు. మెయిన్‌నెట్‌లో ఈఐపీ-155 వచ్చింది 2016లో, 26,75,000వ బ్లాక్ దగ్గర. అంతకుముందువన్నీ ఆ పాతకాలపువే. ఎస్ విలువ తన పరిధిలోని చిన్న సగంలోనే ఉండాలన్న నియమం కూడా 11,50,000వ బ్లాక్ నుంచే. దాన్ని మొదటి బ్లాక్ నుంచీ అమలుచేస్తే, చెల్లిన లావాదేవీలు చెల్లవని నోడ్ మొండికేస్తుంది. పాత బ్లాకులన్నీ తెచ్చుకునే సింక్ ఆగిపోతుంది, డిస్క్ బోలెడంత మిగులుతుంది.

ఇక టెస్ట్ హెల్పర్ జోలికి మాత్రం ఎవరూ రావద్దు. అది తానే సంతకం పెట్టి, తానే తనిఖీ చేసుకుని, తానే మార్కులు వేసుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు. దాన్ని తీసేసి టెస్టులను అసలు సంతకానికి తగిలించారో, పచ్చగా కళకళలాడే తెర ఎర్రబడుతుంది. ఐదోదాన్ని పిలుస్తున్నదెవరో కూడా బయటపడుతుంది.